ట్రాన్స్‌ఫర్ గడువు 60 నిమిషాలు, నాకు పట్టింది 64

కిటికీసీటు

అందరికీ నమస్తే. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఈరోజు ఒళ్లు మండి రాస్తున్నాను.

రెండు నెలల కిందట ఊరి చివరి కాలనీకి ఇల్లు మారాం. ఆఫీసుకి నేరుగా వెళ్లే బస్సు ఒక్కటే ఉంది. అదీ గంటకొకటి, పైగా సందుసందూ తిప్పుతుంది. అందుకని కాలనీ నుంచి జంక్షన్ దాకా ఒక బస్సు, అక్కడ దిగి మెయిన్ రోడ్డు బస్సు ఎక్కుతున్నా. రెండోది 15 నిమిషాలకొకటి అని స్టాపులో బోర్డు పెట్టారు. బస్సు కార్డు ట్యాప్ చేసిన గంటలోపు రెండో బస్సు ఎక్కితే దానికి డబ్బు కట్ కాదు, దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. వినడానికి బాగానే ఉంది కదా.

ఈరోజు కథ వినండి. 7:42కి మొదటి బస్సులో ట్యాప్ చేశాను. జంక్షన్‌కి మామూలుగా 35 నిమిషాలు. ఈరోజు 45 పట్టింది. 8:27కి దిగాను. రెండో బస్సు 8:46కి వచ్చింది. వచ్చింది ఒకటి కాదు, ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి, రెండూ అదే నంబరు. ముందుదాంట్లోకి దూరి కార్డు పెట్టగానే ఫుల్ ఛార్జీ లాగేసింది. తెర మీద మిగిలిన బ్యాలెన్స్ చూపించి, కింద "శుభ ప్రయాణం" అని కూడా వేసింది, నా కర్మ.

నాలుగు నిమిషాలు. లేటైంది నేనా, బస్సా? డ్రైవర్‌ని అడిగితే "మిషన్ నా చేతిలో లేదండీ" అన్నాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు. నెల రోజుల్లో ఇలా అవడం ఇది అయిదోసారి. నెల పాసు తీసుకోవడమే మేలా? లేక ఈ గడువులోపల పడటానికి ఇంకేదైనా దారి ఉందా?

చివరిస్టాపు

రెండు బస్సులు జంటగా వస్తే ఎప్పుడూ వెనకదే ఎక్కాలి తమ్ముడూ. కిటికీసీటు అని పేరు పెట్టుకుని ఈ మాత్రం తెలియకపోతే ఎలా.

కిటికీసీటు

ఆ టెన్షన్‌లో తోచలేదన్నా. తర్వాత రెండు స్టాపులు దాటాక ఆ వెనకది మా పక్క నుంచే దాటుకుంటూ పోయింది. అందులో ఒకాయన కాళ్లు చాపుకుని పేపర్ చదువుకుంటున్నాడు.

రైట్‌రైట్

పాసు తీసుకో, గొడవ వదిలిపోతుంది. ఇందులో ఆలోచించేదేముంది?

లెక్కలమాస్టారు

రైట్‌రైట్ గారూ, ఆలోచించేది ఉంది. పాసు ధర 40 టికెట్లకి సమానం అనుకుందాం. ట్రాన్స్‌ఫర్ పనిచేసిన రోజు ఈయనకి పోనూ రానూ కలిపి రెండు టికెట్లే. అంటే 20 రోజులు ఆఫీసుకి వెళ్తేగానీ పాసు గిట్టదు. నెలకి 22 పనిదినాలనుకుంటే, రెండు సెలవులు పెట్టాడంటే లాభమూ లేదు, నష్టమూ లేదు. అదే రోజూ ట్రాన్స్‌ఫర్ తప్పితే రోజుకి నాలుగు టికెట్లు, పది రోజులకే పాసు గిట్టుబాటు. కాబట్టి పాసు తీసుకోవాలా వద్దా అన్నది పాసు ధరని బట్టి మాత్రమే కాదు, నెలలో ఎన్నిసార్లు గడువు తప్పుతోందన్నదాన్ని బట్టి కూడా తేలుతుంది. అయిదుసార్లంటే అయిదు టికెట్లు అదనం. ఈయన నెల ఖర్చు 44 నుంచి 49కి పెరిగింది. పాసు 40 అయితే తీసుకోవచ్చు, 50 అయితే వద్దు. మీ ఊళ్లో పాసు ధరని టికెట్ ధరతో భాగించి చూసుకోండి, ఒక్క నిమిషం పని.

ఇంకొకటి. కొన్నిచోట్ల రోజుకింత, వారానికింత అని గరిష్ఠ పరిమితి ఉంటుంది. అది దాటాక ఎన్ని బస్సులెక్కినా కార్డులోంచి పైసా పోదు. అలాంటిది ఉంటే పాసు గురించి ముందే తల పట్టుకోవక్కర్లేదు.

ఫుల్‌టికెట్

నన్ను తిట్టుకున్నా సరే, ఒక మాట. గంట అని రాసి పెట్టారు, గంటే. ఎక్కడో ఒకచోట గీత గీయాలిగా. 64 నిమిషాలకి వదిలేస్తే రేపు 70 వాడు వస్తాడు. 90 చేశారనుకోండి, జనం వెళ్లి పని చూసుకుని అదే టికెట్‌తో తిరిగొస్తారు.

కార్డుపిచ్చి

తిరిగొస్తే కొంప మునిగేదేం లేదండీ. లండన్‌లో 2016 సెప్టెంబర్‌లో హాపర్ ఛార్జీ అని పెట్టారు. మొదటి బస్సులో కార్డు పెట్టిన గంటలోపు రెండో బస్సు ఉచితం. మొదట ఒక్క మార్పిడికే ఇచ్చారు, 2018 జనవరి నుంచి ఆ గంటలో ఎన్ని బస్సులు మారినా సరే అన్నారు. వెళ్లి వచ్చేసినా పట్టించుకోరు.

అలా తిరిగి రావడం వద్దనుకునేవాళ్లు గడువు తగ్గించరు, వేరే అడ్డుకట్ట వేస్తారు. సియోల్‌లో, సింగపూర్‌లో వెంటవెంటనే అదే నంబరు బస్సు మళ్లీ ఎక్కితే ట్రాన్స్‌ఫర్ కింద లెక్కేయరు. కొత్త ప్రయాణమే.

అసలు గడువు ఎక్కణ్నుంచి మొదలవుతుందన్నదే పెద్ద తేడా. లండన్‌లో మొదట కార్డు పెట్టిన క్షణం నుంచి. బస్సు దిగేటప్పుడు అక్కడ ట్యాప్ చేసే పనే లేదు, కాబట్టి ఎప్పుడు దిగారో మిషన్‌కి తెలిసే వీల్లేదు. సియోల్‌లో దిగేటప్పుడూ కార్డు పెట్టాలి, అక్కణ్నుంచి 30 నిమిషాలు ఇస్తారు, రాత్రిపూట గంట. సింగపూర్‌లో ఒక బస్సు దిగి ఇంకోటి ఎక్కడానికి 45 నిమిషాలు, మొత్తం ప్రయాణానికి 2 గంటలు. ఈ రెండు చోట్లా బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఆ టైమంతా ప్రయాణికుడి నెత్తిన పడదు. మన కిటికీసీటు గారి రూలు మొదటి ట్యాప్ నుంచి మొదలవుతోంది. దూరం నుంచి వచ్చేవాడికి అది దెబ్బ. పది నిమిషాల దూరంలో ఉన్నవాడికి 50 నిమిషాలు చేతిలో ఉంటాయి, ఊరి చివర ఉన్నవాడికి పాతికే. రూలు అందరికీ ఒకటేలాగే కనిపిస్తుంది గానీ.

ఫుల్‌టికెట్

ఈ కోణం నేను ఆలోచించలేదు. పాతికే మిగిలితే కష్టమే.

రైట్‌రైట్

గంటలోపు చేరాల్సిన చోటుకి చేరిపోవాలి కదా? మధ్యలో గడువు అయిపోతే దింపేస్తారని విన్నా.

కార్డుపిచ్చి

లేదు రైట్‌రైట్. రెండో బస్సులో కార్డు పెట్టే సమయానికి గడువు ఉంటే చాలు, ఎక్కాక రెండు గంటలు పట్టినా దింపేవాడు ఉండడు. ఎక్కువచోట్ల ఇదే పద్ధతి. సింగపూర్ లాంటి చోట మొత్తం ప్రయాణానికి వేరే గడువు ఉంది, అక్కడ కూడా దింపరు, డబ్బు లెక్క మారుతుందంతే. ఇది గుర్తు పెట్టుకోండి, పనికొస్తుంది.

బండివాడు

ఒక సెకండ్‌హ్యాండ్ బైకు కొనుక్కో బ్రదర్. అరగంటలో ఆఫీసు. టాపిక్ క్లోజ్.

చివరిస్టాపు

ప్రతి బస్సు టాపిక్‌లోనూ ఒక బైకు వస్తుంది, మిస్సయ్యే పనే లేదు. బస్సులు కూడా ఇంత టైముకి రావు.

పాతకండక్టర్

ఇరవై ఎనిమిదేళ్లు సంచీ భుజాన వేసుకుని తిరిగినవాణ్ణి, రిటైరై మనవల స్కూలు బస్సుకి ఎదురుచూస్తున్నాను. నాకు తెలిసింది రెండు ముక్కలు చెప్తా.

బస్సులు జంటగా రావడానికి డ్రైవర్లు టీ కొట్టు దగ్గర కబుర్లాడటమే కారణమని అందరూ అనుకుంటారు. అప్పుడప్పుడూ అదీ ఉంటుంది, కాదనను. కానీ డ్రైవర్లందరూ బుద్ధిగా బయల్దేరినా జంటలు కడతాయి. ముందు బస్సు ఒక సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు ఆగిందనుకోండి. పై స్టాపులో ఆ మూడు నిమిషాల జనం అదనంగా చేరి ఉంటారు. వాళ్లు ఎక్కి, చిల్లర ఇచ్చి, లోపలికి జరిగేసరికి ఇంకో నిమిషం. ఆ పై స్టాపులో ఇంకా ఎక్కువ మంది. ఇక వెనక బస్సు సంగతి చూడండి, దానికి జనమే మిగలరు. స్టాపు స్టాపుకీ ఖాళీగా పరుగెత్తుకొచ్చి ముందుదాని వీపు మీద పడుతుంది. మా రోజుల్లో వెనక బస్సు కండక్టర్ కలెక్షన్ తక్కువైందని ఏడ్చేవాడు, ముందు బస్సువాడు చెయ్యి ఆడటం లేదని ఏడ్చేవాడు. జీతం ఇద్దరికీ ఒకటే.

దీనికి మందు, మధ్యలో ఒక పెద్ద స్టాపులో కంట్రోలరు నిలబడి వెనక బస్సుని నాలుగు నిమిషాలు ఆపి పంపడం. నేను ఆ డ్యూటీ కూడా చేశాను. బస్సు ఆపగానే లోపలివాళ్లు "ఖాళీ రోడ్డు పెట్టుకుని ఎందుకు ఆపావయ్యా" అని మీదికొస్తారు. వాళ్లని ఆపేది ముందు స్టాపుల్లో నిలబడ్డవాళ్ల కోసమని ఎలా చెప్పను? చెప్పినా ఎవరు వింటారు?

ఇక రెండో ముక్క, ఛార్జీ. స్టేజీల లెక్కలో మొదటి స్టేజీ ఎప్పుడూ బరువు. ఎక్కినందుకే కనీస ఛార్జీ పడుతుంది. ఆ తర్వాత దూరం పెరిగేకొద్దీ స్టేజీకి పడేది తగ్గుతుంది. దూరం పోయేవాడికి కిలోమీటరు చవక, దగ్గర దిగేవాడికి ఖరీదు. ఇప్పుడు అదే దూరాన్ని మధ్యలో బస్సు మారి వెళ్లామనుకోండి, లెక్క మళ్లీ మొదటి స్టేజీ నుంచి మొదలు. కనీస ఛార్జీ రెండోసారి కడతాం. బస్సు మారడమే ఒక అవస్థ, నిలబడాలి, కాచుకోవాలి, మళ్లీ తోసుకుని ఎక్కాలి. ఆ అవస్థ పడ్డవాడి దగ్గరే ఎక్కువ డబ్బు తీసుకోవడం నాకెప్పుడూ మింగుడు పడలేదు. నేరుగా బస్సు వెయ్యలేకపోయింది మేమైతే, దానికి జరిమానా ఆయనకా?

కిటికీసీటు బాబూ, ఒక్కటి చెప్పండి. మీ రెండో బస్సు జంక్షన్ దగ్గరే పుడుతుందా, లేక ఎక్కడి నుంచైనా వస్తూ మీ మొదటి బస్సు దారిలో ముందే కలుస్తుందా?

లెక్కలమాస్టారు

పాతకండక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. 1964లో నెవెల్, పాట్స్ అనే ఇద్దరు దీన్నే గణితంలో రాసి చూపించారు. చిన్న ఆలస్యం దానంతటదే పెరుగుతుందనీ, బస్సులు జతలుగా పడతాయనీ.

"15 నిమిషాలకొకటి" అన్న బోర్డు గురించి కూడా చెప్పాలి. సరిగ్గా 15కి ఒకటి వస్తే, ఎప్పుడో ఒకప్పుడు స్టాపుకి వచ్చేవాడు సగటున ఏడున్నర నిమిషాలు నిలబడతాడు. ఇప్పుడు అవే బస్సులు 5 నిమిషాలకొకటి, తర్వాత 25 నిమిషాలకొకటి, మళ్లీ 5, మళ్లీ 25 అలా వస్తున్నాయనుకోండి. బస్సుల లెక్క మారలేదు, అరగంటకి రెండే. డిపో వాళ్ల కాగితం మీద సగటు 15 అనే ఉంటుంది. కానీ స్టాపుకి వచ్చే ఆరుగురిలో అయిదుగురు ఆ 25 నిమిషాల ఖాళీలోనే పడతారు, ఎందుకంటే అరగంటలో 25 నిమిషాలు అదే. వాళ్లు సగటున 12న్నర నిమిషాలు నిలబడతారు, అదృష్టవంతుడు ఒక్కడు రెండున్నర. అందరినీ కలిపి చూస్తే దాదాపు 11.

ఏడున్నర ఎక్కడ, 11 ఎక్కడ. మనకి మాత్రమే ఎప్పుడూ బస్సు ఆలస్యంగా వస్తోందనిపించడం మన జాతకం కాదు.

చివరిస్టాపు

మాస్టారూ, ఆ ఆరో అదృష్టవంతుణ్ణి నేను ఇరవయ్యేళ్లలో ఒక్కసారీ కలవలేదు.

ఫుట్‌బోర్డు

టాపిక్‌కి కొంచెం పక్కకి పోతున్నా, క్షమించాలి. పాతకండక్టర్ గారి స్టేజీల మాట చదివితే గుర్తొచ్చింది. రూటు, టైము, ఛార్జీ ముందే ఖాయం చేసి ఎవరైనా ఎక్కగలిగే బండి నడపాలన్న ఆలోచన బ్లేజ్ పాస్కల్‌ది, మన లెక్కల పుస్తకాల్లో త్రిభుజం పేరుతో వచ్చే ఆ పాస్కల్. 1662 మార్చిలో పారిస్‌లో గుర్రపు బళ్లు మొదలుపెట్టారు, మనిషికి అయిదు సోల్‌లు (అప్పటి ఫ్రెంచి నాణెం), నిండినా నిండకపోయినా టైముకి కదలాలి. ఊరి చుట్టూ తిరిగే రూటుకి మాత్రం ముక్కలుగా లెక్క, ఇన్ని ముక్కలు దాటితే మళ్లీ కట్టాలి. అంటే స్టేజీ కూడా అప్పుడే పుట్టింది. "ఎవరైనా" అన్నా గానీ సైనికుల్నీ నౌకర్లనీ ఎక్కనివ్వకూడదని పైనుంచి ఆంక్ష పెట్టారు. పాస్కల్ ఆ ఆగస్టులోనే పోయాడు, బళ్లు కూడా ఎక్కువ కాలం నడవలేదు.

ట్రాన్స్‌ఫర్ చీటీ చాలా తర్వాతి సంగతి. అమెరికాలోని రోచెస్టర్‌లో జాన్ స్టెడ్‌మన్ అనే ఆయన 1892లో కాగితం ట్రాన్స్‌ఫర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. టైము, రూటు కనపడేలా కండక్టర్ చీటీకి చిల్లు పెట్టి ఇస్తాడు, అది చూపించి ఇంకో బండి ఎక్కొచ్చు. ఇప్పుడు మీ కార్డులో ఉన్నది ఆ చిల్లే.

సంచిఅక్క

అందరూ నిమిషాల లెక్కే చూస్తున్నారు. నేను చెప్పేది వేరే. నాకు ఏడేళ్ల పాప. పాపతో, సంచీలతో బస్సు మారేటప్పుడు నేను చూసేది ఎన్ని నిమిషాలని కాదు, ఎక్కడ నిలబడాలని. మీరు చెప్పే జంక్షన్లలో దిగే స్టాపు ఒకవైపు, ఎక్కే స్టాపు రోడ్డుకి అవతల. రెండు సిగ్నళ్లు దాటాలి. కళ్ల ముందే మన బస్సు వెళ్లిపోతుంది, పరుగెత్తలేం. నేను ఒక స్టాపు ముందే దిగుతాను, అక్కడ దిగిన చోటే రెండో బస్సు ఆగుతుంది. చీకటి పడ్డాక అయితే దీపాలుండి, నలుగురు మనుషులున్న స్టాపులోనే మారతాను, పది నిమిషాలు ఎక్కువ పట్టినా సరే.

ఇంకో సంగతి. ఒకే కార్డుతో ఇద్దరికి ట్యాప్ చేయకండి. మా దగ్గర నేను రెండుసార్లు పెడితే రెండోది పాపకి అనుకున్నా. రెండో బస్సులో ఒక్కరికే ట్రాన్స్‌ఫర్ ఇచ్చి ఇంకొకరికి ఫుల్లు కోసింది. పాపకి వేరే కార్డు తీసుకున్నాక బాధ తప్పింది.

కార్డుపిచ్చి

అక్క చెప్పింది చాలా ముఖ్యం. దానికి తోడు ఇంకొకటి, మొదటి బస్సులో ఫోన్‌తో, రెండో బస్సులో అదే బ్యాంకు కార్డుతో ట్యాప్ చేస్తే చాలాచోట్ల రెండూ వేరే మనుషులనుకుంటుంది మిషన్. డబ్బు ఒకే ఖాతాలోంచి పోయినా సరే. ఛార్జింగ్ అయిపోయిందని కార్డు తీశామా, ట్రాన్స్‌ఫర్ పోయినట్టే.

కిటికీసీటు

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. పాతకండక్టర్ బాబాయ్‌గారూ, మీరు అడిగాక ఈరోజు కళ్లు తెరుచుకుని చూశాను. రెండో బస్సు జంక్షన్‌లో పుట్టదు. జంక్షన్‌కి మూడు స్టాపుల ముందు, వాటర్ ట్యాంకు దగ్గర మా రోడ్డులోకి వచ్చి కలుస్తుంది. ఆ మూడు స్టాపులూ రెండు బస్సులూ ఒకే దారి. జామ్ అయ్యేది కూడా అక్కడే.

పాతకండక్టర్

ఇంకేం బాబూ. మీ బస్సు ఆలస్యమంతా ట్యాంకు నుంచి జంక్షన్ మధ్యలోనే కదా. మీరు కార్డు రెండోసారి పెట్టేది ఆ జామ్ దాటాక. అందుకే గడువు పోతోంది. ట్యాంకు దగ్గరే దిగి అక్కడే రెండో బస్సు ఎక్కేయండి. జామ్‌లో ఎలాగూ కూర్చోవాలి, అదేదో రెండో బస్సులో ట్యాప్ చేశాక కూర్చోండి. మిషన్‌కి జామ్ కనపడదు, ట్యాప్ కనపడుతుంది.

జంక్షన్‌లో ఎక్కేవాళ్ల కంటే ముందే ఎక్కుతారు కాబట్టి సీటు దొరికే అవకాశం కూడా ఉంది. మీ పేరుకి న్యాయం.

లెక్కలమాస్టారు

అద్భుతం. మొన్నటి లెక్కతోనే చూద్దాం. కిటికీసీటు గారూ, ఆ రోజు ట్యాంకు దగ్గర ఎన్నింటికి ఉన్నారో గుర్తుందా?

కిటికీసీటు

8:13. ఆఫీసుకి "పది నిమిషాల్లో జంక్షన్‌లో ఉంటా" అని మెసేజ్ పెట్టింది అక్కడే, అందుకే ఫోన్‌లో టైము దొరికింది. పదికి 14 పట్టింది.

లెక్కలమాస్టారు

అంటే ఆ రెండో బస్సు కూడా అంతే సేపు జామ్‌లో ఉండి ఉంటే, ట్యాంకు దగ్గర 8:32 ప్రాంతంలో దొరికేది. 7:42 నుంచి 50 నిమిషాలు. గడువులో పది మిగిలేవి. ఎక్కేది అదే బస్సు, ఆఫీసుకి చేరేది అదే టైము. టికెట్ మాత్రం పడేది కాదు.

ఫుల్‌టికెట్

ఇది మోసం కాదు కదా అని ఆలోచిస్తున్నా. కాదులెండి. రూలు ఏం చెప్పిందో అదే చేస్తున్నాడు.

రైట్‌రైట్

పొద్దున సరే. సాయంత్రం?

కిటికీసీటు

సాయంత్రం అసలు ఇబ్బంది వేరు. ముందు మెయిన్ రోడ్డు బస్సు, అది దండిగా ఉంటుంది. తర్వాత కాలనీ బస్సు అరగంటకొకటి. జంక్షన్‌లో దిగేసరికి దాని వెనక లైట్లే కనిపిస్తాయి. అప్పుడు ఇరవయ్యెనిమిది నిమిషాలు నిలబడటం.

పాతకండక్టర్

సాయంత్రం లెక్క వెనక నుంచి వెయ్యాలి. అరగంటకి ఒకటి తిరిగే బస్సు మీద మన పెత్తనం ఉండదు, దాని టైముకి మనమే వంగాలి. కాలనీ బస్సు జంక్షన్‌కి వచ్చే టైము ముందు తెలుసుకోండి, దానికి ఎనిమిది నిమిషాల ముందు జంక్షన్‌లో ఉండేలా ఆఫీసు దగ్గర బస్సు పట్టుకోండి. దండిగా ఉన్న బస్సు ఒకటి ముందు ఎక్కినా పోయేదేం లేదు. ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు తక్కువ తిరిగే బస్సు ముందు వస్తుంది కాబట్టి లెక్క సులువు, ఇంటికి వచ్చేటప్పుడు అదే చివర వస్తుంది. అందుకే అందరికీ సాయంత్రాలే కష్టం.

కార్డుపిచ్చి

ఈ అవస్థ లేకుండా చేసినవాళ్లు ఉన్నారు. స్విట్జర్లాండ్‌లో 1982లో దేశమంతా గడియారపు టైంటేబుల్ పెట్టారు. ప్రతి గంటలోనూ అదే నిమిషానికి రైలు. చిన్న స్టేషన్ల దగ్గర ఊళ్లకి వెళ్లే బస్సులు దాన్ని బట్టే వస్తాయి, దాన్ని బట్టే కదులుతాయి. అరగంటకో బస్సు ఉన్నా చాలు, అన్నీ ఒకేసారి వచ్చి ఒకేసారి వెళ్తే ఎవరూ నిలబడనక్కర్లేదు. బస్సులు పెంచడానికి డబ్బు లేని శివారు రూట్లకి ఇదే మంచి ఉపాయం. కాకపోతే రోడ్డు మీద జామ్ ఉంటే ఆ గడియారం ఒక్క వారం కూడా నిలవదు. రైలుకి జామ్ ఉండదు.

బండివాడు

రైలు పట్టాలకి ఒప్పుకుంటా, బస్సుకి కాదు. నా బైకు ఆఫర్ ఇంకా ఉంది.

సంచిఅక్క

బైకు మీద పేపర్ చదువుకోవడం కుదరదు బండివాడు గారూ.

కిటికీసీటు (రెండు వారాల తర్వాత)

లెక్క అప్పజెప్పడానికి వచ్చాను. పది పొద్దుటి పూటలు ట్యాంకు దగ్గర మారి చూశాను. మొదటి ట్యాప్ నుంచి రెండో ట్యాప్ దాకా తక్కువలో తక్కువ 31 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ 53. ఒక్కసారి కూడా డబ్బు కట్ కాలేదు. ఏడు రోజులు సీటు దొరికింది, అందులో నాలుగు కిటికీ పక్కన.

అన్నీ బాగున్నాయని చెప్పను. ట్యాంకు దగ్గర షెల్టర్ లేదు, ఒక స్తంభానికి నంబర్ల రేకు కొట్టి ఉంది, అంతే. గురువారం వాన పడితే ట్యాంకు కిందే నిలబడ్డాం, పైనుంచి కారేది వానో ట్యాంకో తెలియలేదు. ఇంకో రోజు జంటలో ముందు బస్సు నిండిపోయి ఆపకుండా వెళ్లిపోయింది. చెయ్యి ఎత్తినవాళ్లం ఎత్తినట్టే ఉన్నాం. నిమిషంలోపే వెనకది వచ్చింది, చివరిస్టాపు అన్నని తలుచుకుని ఎక్కాను.

సాయంత్రం పది రోజుల్లో ఏడు రోజులు కాలనీ బస్సు దొరికింది. దొరకని మూడు రోజులూ ఆఫీసులోంచి బయల్దేరేటప్పుడు ఎవరో ఒకరు "ఒక్క నిమిషం" అని ఆపినవే.

పాసు తీసుకోలేదు. మా దగ్గర పాసు ధరని భాగిస్తే 46 టికెట్లు వచ్చింది మాస్టారూ.

లెక్కలమాస్టారు

44 కంటే ఎక్కువ. సాయంత్రం గడువు తప్పనంత వరకు వద్దు. మూడోసారి తప్పిన నెల నుంచి ఆలోచించండి.

కార్డుపిచ్చి

పాత అయిదింటి సంగతి? కార్డు ప్రయాణాల చరిత్ర తీసి అర్జీ పెట్టారా? మొదటి బస్సు ఆలస్యమైనట్టు వాళ్ల రికార్డులోనే ఉంటుంది.

కిటికీసీటు

పెట్టాను. రెండింటికి డబ్బు వెనక్కి వేశారు, మూడింటికి "నిబంధనల ప్రకారం" అని జవాబు. ఆ రెండింటికీ ఈ మూడింటికీ తేడా ఏంటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పాతకండక్టర్

వేరే వేరే గుమాస్తాలు చూసి ఉంటారు బాబూ. ఆ మూడూ మళ్లీ పెట్టండి, సోమవారం కాకుండా.

చివరిస్టాపు

వాటర్ ట్యాంకు దగ్గర దిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారా తమ్ముడూ? ఈ టాపిక్ మీ కాలనీవాళ్లెవరైనా చదివితే నీ కిటికీ సీటు గోవిందా.

కిటికీసీటు

నిన్న పొద్దున నాతో పాటు ఇంకో ఇద్దరు దిగారన్నా. ఇద్దరూ నా వైపు చూసి నవ్వారు కూడా. మీలో ఎవరైనా అయితే చెప్పండి, వెనక బస్సు మీకు వదిలేస్తా.